ఇంటావిడ లేచేదాకా

యుద్ధం ఏడో ఏడు, మాఘం

వార్డు ఆఫీసుకు పంపాల్సిన దినచర్య పొద్దున్నే పంపేశాను. ఇవాళ అందులో రాసిన ముక్క ఇది: "మహారక్షకుల ప్రసంగం వింటుంటే నా కళ్ళు చెమర్చాయి." చెమర్చిన మాట నిజమే, అప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆయన గొంతు వినబడగానే నా నోటివెంట వచ్చిన మాట మాత్రం రాయలేదు. అది విని మా అమ్మాయి మేధిని "అమ్మా, మెల్లగా! గోడలు పల్చన" అని కసురుకుంది.

ఇది ఆఫీసుకు వెళ్ళే దినచర్య కాదు, నా సొంతం. నా పేరు పేరిందేవి. యుద్ధానికి ముందు రాజధాని పత్రికలో సంపాదకీయాలు రాసేదాన్ని. మొదట పత్రిక మూయించారు. తర్వాత నేను రాయకూడదన్నారు. ఆ మరుసటేడు దేశంలో ప్రతివాళ్ళూ రోజూ దినచర్య రాసి పంపి తీరాలని చట్టం చేశారు. వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది.

పంపినవాటిని మనుషులు చదవరు, యంత్రం చదివి భక్తి మార్కులు వేస్తుంది. దాని సంగతేమిటో చూద్దామని ఒకరోజు గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో రాసి, వాక్యానికోసారి ఆయన్ని తలుచుకున్నాను. "మహారక్షకుల దయవల్ల మెంతులు దోరగా వేగాయి. మహారక్షకుల చల్లని చూపువల్ల ఎండుమిరపకాయలు మాడలేదు." వారం తిరక్కుండా ప్రశంసాపత్రం వచ్చింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజు నుంచీ మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పొగుడుతున్నాను. ఎందుకంటే, యుద్ధంలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళలో భక్తి మార్కులు అందరికన్నా ఎక్కువొచ్చిన ఇంటికి ఏటా వైశాఖ పౌర్ణమినాడు ఆయన భోజనానికి వస్తాడు. దాన్ని అమరుల భోజనం అంటారు. అది ఈ ఏడు మా ఇంట్లో జరగాలి.

నా కొడుకు విహారి ఎగువ ఆనకట్ట దగ్గర పోయాడు. శత్రువుతో పోరాడుతూ అమరుడయ్యాడని కబురు పంపారు. అక్కడ శత్రువూ లేడు, పోరాటమూ లేదు. "నది మనది" అని మొదలుపెట్టిన యుద్ధం ఇది. ఆ నది మూడో ఏటికే ఎండిపోయింది. ఎగువ దేశం వాళ్ళు ఆనకట్టని వదిలేసి ఎప్పుడో ఇళ్ళకు పోయారు. మన పెద్దమనిషికి మాత్రం ఆ ఎండు ఆనకట్ట మీద జెండా ఎగరాలి, జెండా కింద పిల్లలు నిలబడాలి. ఆ పిల్లలకి నీళ్ళు మోసే ట్యాంకర్లని రాజధానిలో విజయతోరణం దగ్గరికి మళ్ళించారు, అక్కడ ఫౌంటెన్ ఎగరాలి కాబట్టి. నా కొడుకు దాహంతో చచ్చిపోయాడు.

ఈ మాట చెప్పింది వాడి స్నేహితుడు డేనియలు. ఆనకట్ట నుంచి ప్రాణాలతో దిగొచ్చిన కొద్దిమందిలో ఒకడు. మా గుమ్మంలో కూర్చుని చెబుతున్నంతసేపూ మంచినీళ్ళ గ్లాసు చేతిలోంచి వదల్లేదు.

ఫౌంటెన్ ప్రారంభాన్ని దేశమంతా టీవీలో చూసి చప్పట్లు కొట్టింది. ఈ పగ చల్లారేది కాదు. చల్లార్చుకోవాలని నాకూ లేదు.

ఫాల్గుణం

పీట మీద కూర్చోవడం సాధన చేస్తున్నాను.

తెల్లారగానే మిద్దె ఎక్కి మంచుపలక తుడిచి, రాత్రి దిగిన తడిని కుండలోకి వంపడం, ఆ నీళ్ళనే ఇంటిల్లిపాదికీ వంటకీ తాగడానికీ సరిపెట్టడం, ఆ తర్వాత గోడకి ఆనుకోకుండా పీట మీద బాసింపట్టు వేసుకు కూర్చోవడం. మొదటిరోజు మోకాళ్ళు నన్ను బండబూతులు తిట్టాయి. ఇప్పుడు పూటంతా కూర్చోగలుగుతున్నాను. పొద్దుటినుంచీ నీళ్ళు ముట్టకుండా ఉండటం కూడా అలవాటు చేసుకుంటున్నాను. మధ్యలో లేవాల్సిన అవసరం రాకూడదు కదా.

పక్కింటి అప్పలనరసమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏటి పేరిందేవమ్మా, పొద్దుకాడినించీ పీట దిగవేటి? పెళ్ళికూతురివయిపోనావేటి?"

"కూర్చోడం నేర్చుకుంటున్నానే."

"ఈ వొయసులోనా? కూకోడం నేర్సుకోడానికి పంతులుగోరు కూడా ఉన్నాడేటి?"

ఉన్నాడు. ఆయన పేరే మహారక్షకుడు. నరసమ్మని లోపలికి పిలిచి అంతా చెప్పాను. ఆమె మనవడు సింహాద్రి కూడా ఆ ఆనకట్ట మీదే పోయాడు. విన్నంతసేపూ కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి, "పీట నాకూ ఒకటెయ్యి" అంది.

మా కొండల్లో పంక్తి మర్యాద అందరికీ తెలిసిందే. ఇంటి పెద్ద చెయ్యి కడుక్కోవడానికి లేచేదాకా పంక్తిలో ఎవరూ లేవకూడదు. మధ్యలో లేచినవాణ్ణి ఆ ఇంటికి మళ్ళీ పిలవరు, పిల్లనివ్వరు. అమరుల భోజనం మొదలైన ఏడాది ఆయన మా కింద పేటలో ఒక చిన్నదాని ఇంట్లో కూర్చున్నాడు. ఆ పిల్లకి పెళ్ళయి ఏడాది కూడా కాకుండానే మొగుడు పోయాడు. ఆమె రెండో ముద్ద కలుపుతుండగా ఎవరో మంత్రి పిలిచాడని ఈయన చటుక్కున లేచి పోయాడు. ఇక చూడండి! అదే నెలలో ఒక సైన్యం సైన్యమే తుడిచిపెట్టుకుపోతే నోరెత్తని జనం, విస్తరి దగ్గర ఊరుకోలేదు. "పంక్తిలో లేచినవాడు" అని చంటిపిల్లలు కూడా పాడారు. నా దేశం మీద నాకున్న కోపంలో సగం ఇదే. బిడ్డల్ని అడిగితే ఇస్తారు, విస్తరిని అవమానిస్తే కొడతారు. మిగతా సగం కోపం ఆయన మీద.

ఆ పాట ఆపడానికి ఆయనొక శాసనం తెచ్చాడు. ఇంటావిడ లేచేదాకా రక్షకుడు లేవడు, ఆయన లేచేదాకా ఆ భోజనం టీవీ ప్రసారం ఆగదు. మాటకి కట్టుబడ్డాడని లోకానికి చూపించడానికి తన బొమ్మకే తాళం వేయించుకున్నాడు. బొమ్మంటే అచ్చం ఆయనలా చేసిన మరమనిషి. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఆయన భూగృహం దాటి బయటికి రాలేదు, ఎక్కడికైనా బొమ్మనే పంపుతాడు. బొమ్మ ఇక్కడ నమిలితే అక్కడ ఆయన నాలుకకి రుచి తగులుతుంది. బొమ్మలో ఉన్నంతసేపూ సొంత ఒళ్ళు మంచం మీద నిద్రలో ఉంటుంది. రెండు పీటల్ని జంట చేస్తారు. ఇంటావిడ తన పీట మీంచి లేస్తేనే బొమ్మ తాళం ఊడి ఆయనకి మెలకువ వస్తుంది. బలవంతంగా తెంపితే మనిషి రెండు మూడు రోజులు మంచం దిగలేడని ఆయన వైద్యులే టీవీలో గొప్పగా చెప్పారు. ప్రతి కూడలిలో ఆ పోస్టర్లే: "ఆమె లేచేదాకా నేను లేవను."

ప్రతి ఏడూ ఆ భోజనం చిటికెలో అయిపోతుంది. ఏడుపుతో గొంతు పూడుకుపోయిన ఏ తల్లి తింటుంది? రెండు మెతుకులు కతికి లేస్తుంది. నేను తింటాను. కడుపారా తింటాను.

చైత్రం

మేధినికి పిలుపు వచ్చింది. పౌర్ణమి మర్నాడు ఆనకట్ట దళంలో చేరాలట.

ఒక బిడ్డని ఇచ్చిన ఇంట్లో మిగిలిన బిడ్డని తీసుకోకూడదని మొన్నటిదాకా చట్టం ఉండేది. ఆ చట్టాన్ని పక్కన పెట్టే అధికారం ఆయనకి అత్యవసర పాలన ఇచ్చింది. ఆ పాలన ఏటా వైశాఖ పౌర్ణమి సూర్యాస్తమయంతో ముగుస్తుంది. ప్రజాస్వామ్యం ఇంకా బతికే ఉందని చూపించడానికి ఆయన పెట్టుకున్న తంతు ఒకటుంది. ఆ సాయంత్రం పొద్దు కుంకేలోగా ఆయన సభలో సొంత కాళ్ళ మీద నిలబడి ఇంకో ఏడాది గడువు అడగాలి. బొమ్మ పనికిరాదు. నిలబడి అడుగుతాడు, సభ చప్పట్లు కొడుతుంది. మధ్యాహ్నం అమరుల ఇంట్లో కన్నీళ్ళు, సాయంత్రం సభలో చప్పట్లు. ఆ కన్నీళ్ళు ఆరకముందే చప్పట్లు కొట్టించుకుందామని ఆయనే రెండింటినీ ఒకేరోజు పెట్టుకున్నాడు. అతితెలివి మనిషిని ముంచుతుందంటే ఇదే.

ఇంతవరకూ నాది పగ మాత్రమే. ఆ పెద్దమనిషి నోటివెంట నా కొడుకు ఎలా చచ్చాడో దేశానికి చెప్పించాలని. ఇప్పుడు పొద్దు కుంకేదాకా ఆయన్ని కూర్చోబెడితే గడువు అడిగేవాడు ఉండడు, పాత చట్టం తిరిగొస్తుంది, నా కూతురు దక్కుతుంది. దాంతోపాటు ఎంతమంది కూతుళ్ళు!

మేధినికి చెబితే పళ్ళెం విసిరికొట్టింది. "నీకు మతి పోయింది. నిన్ను జైల్లో పెడతారు. నేను పోతే పోతాను, నువ్వెందుకు?"

"నువ్వు పోయాక నాకు జైలైతేనేం, ఇల్లైతేనేం?"

"అన్నయ్య పేరు చెప్పుకుని నన్ను అడ్డం పెట్టుకుంటున్నావు. నీకు ఆయన మీద కక్ష తీర్చుకోవాలి, అంతే."

"అవును, కక్షే. తల్లి కక్షగట్టకపోతే ఇంకెవరు కడతారు? సభలో ప్రతిపక్షం కడుతుందా?"

అది ఏడుస్తూ మిద్దె మీదికి పోయింది. నేను పీట వేసుకుని కూర్చున్నాను.

సాయంత్రం నా పాత మిత్రులు వచ్చారు. ఒకప్పుడు అభ్యుదయవాదులం అని చెప్పుకున్నవాళ్ళం. యుద్ధంలో పారదర్శకత పెరగాలని కోరుతూ వినతిపత్రం తయారుచేశారట, సంతకం పెట్టమన్నారు. "యుద్ధం ఆపమని రాయలేదేం?" అన్నాను. "అంత సూటిగా అంటే మన మాట వినరు పేరిందేవీ" అన్నాడు అందులో పెద్దాయన. ఏడేళ్ళుగా వంకరగా అంటున్నారుగా, ఎవరు విన్నారు? కాఫీ ఇచ్చి పంపించేశాను. సంతకం పెట్టలేదు. పాపం, కాఫీ బావుందన్నారు.

వైశాఖం, శుద్ధ పక్షం

మా ఇంటినే ఎంచారు!

కబురు తెచ్చిన అధికారి పేరు త్రిలోచనరావు. మహారక్షకుల మర్యాదల శాఖలో పెద్ద. సన్నగా, నూనె పెట్టి దువ్విన తలతో ఉన్నాడు. ఇంటి గోడలు కొలిచాడు, కెమెరాలు బిగించాడు, నన్ను కూర్చోబెట్టి ఎక్కడ ఏడవాలో నేర్పాడు.

"ఆయన మీ అబ్బాయి పేరు చెప్పగానే కొంగు కళ్ళకి అద్దుకోవాలమ్మగారూ. మరీ వెక్కి వెక్కి వద్దు, చూసేవాళ్ళకి ఇబ్బంది."

"అలాగే నాయనా. ఏ కన్నుతో మొదలుపెట్టమంటారు?"

నా ముఖం వంక అనుమానంగా చూశాడు. నేను అమాయకంగా రెప్పలాడించాను. మేధిని వంటింట్లోకి పారిపోయింది.

వంటల దగ్గర పేచీ వచ్చింది. పప్పు, పరమాన్నం చాలన్నాడు. శాసనంలో అమరుడికి ఇష్టమైన వంట తప్పక వడ్డించాలని ఉంది కదా అన్నాను. మా విహారికి ఎండు నెత్తళ్ళ వేపుడు, ఆవకాయ, ఊరమిరపకాయలు ఇష్టం. సగం ఉప్పు, సగం కారం. త్రిలోచనరావు ముక్కు చిట్లించాడు కానీ కాదనలేకపోయాడు. పంక్తిలో ఇరుగుపొరుగు అమరుల తల్లులు కూడా కూర్చుంటారంటే మాత్రం మురిసిపోయాడు. టీవీలో నిండుగా ఉంటుందన్నాడు.

వైశాఖ పౌర్ణమి

కుడిచెయ్యి ఎంగిలి. ఎడంచేత్తో రాస్తున్నాను, అక్షరాలు కోడి గీరినట్టున్నాయి. ఆయన ఎదురుగానే కూర్చున్నాడు. వేరే పనేముంది, మాటలు ఆగినప్పుడల్లా రాస్తున్నాను. దేశమంతా నేను రాయడం చూస్తోంది. చూడనీ.

మధ్యాహ్నం బొమ్మ వచ్చింది. పోస్టర్లలో ఉన్నంత పొడుగు లేడు. నాకు దణ్ణం పెట్టి, విహారి ఫొటోకి పూలు వేసి, అడ్డాకుల విస్తరి ముందు కూర్చున్నాడు. నేను ఎదురుగా. నా పక్కన నరసమ్మ, ఆ పక్కన మా వీధి ఆడవాళ్ళు. మేధిని వడ్డించింది. ఒక్క మెతుకు కూడా ఒలకలేదు.

"మీ విహారి దేశానికి బిడ్డ అమ్మా" అన్నాడు.

కొంగు కళ్ళకి అద్దుకోవలసింది అక్కడే. నేను నెత్తళ్ళు కలుపుకున్నాను. "తినండి బాబూ, వాడికి ప్రాణం ఇవంటే. మీరు తింటే వాడు తిన్నట్టే" అన్నాను. కెమెరాల ముందు కాదంటాడా? నేను వేయించిన నెత్తళ్ళూ, నరసమ్మ కొసరి కొసరి పెట్టించిన ఊరమిరపకాయలూ అన్నీ తిన్నాడు.

అందరి విస్తళ్ళూ ఖాళీ అయ్యాయి, నాది తప్ప. మేధినిని మళ్ళీ సామల అన్నం పెట్టమన్నాను. అది అయ్యాక పులుసు పొయ్యమన్నాను. ఒక్కొక్క మెతుకూ ఏరుకుని తింటుంటే త్రిలోచనరావు గుమ్మంలో కాళ్ళు మార్చుకుంటున్నాడు.

"అమ్మగారికి ఆకలి బాగా వేసినట్టుంది" అని నవ్వబోయాడు మహారక్షకుడు.

"ఏడాదిగా తినలేదు బాబూ. ఇవాళే సయించింది."

కాసేపటికి పెదాలు తడుపుకున్నాడు. "అమ్మా, కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

మేధిని చెంబుతో ముందుకు వచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ క్షణం కోసం నేను బతికాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇస్తాను. నీళ్ళడిగినవాణ్ణి లేదనే ఇల్లు కాదు ఇది. ముందొక్కటి చెప్పండి. మా విహారి ఎలా పోయాడు?"

"వీరుడిలా అమ్మా. శత్రువుతో..."

"ఏ శత్రువు? ఎక్కడున్నాడు?"

ఆయన కళ్ళు త్రిలోచనరావుని వెతికాయి.

"అటు కాదు, ఇటు చూడండి. ఆనకట్టకి రావాల్సిన నీళ్ళ ట్యాంకర్లు ఎక్కడికి వెళ్ళాయి?"

"అవి సైనిక రహస్యాలు. ఒక తల్లిగా మీ బాధ నాకు..."

"అయితే మీ దాహం కూడా రహస్యంగానే ఉంచుకోండి" అని నేను ఇంకో ముద్ద కలిపాను.

ప్రసారం ఆపమని త్రిలోచనరావు చేతులూపాడు. ఎవరికి చేతనవుతుంది? ఆయన లేచేదాకా ఆగదు. ఒక కాపలావాడు నన్ను లేవనెత్తడానికి రెండడుగులు వేశాడు. నరసమ్మ ఎంగిలిచెయ్యి చాపి అరిచింది. "అమరుడి తల్లిని ఇస్తరి కాడినించి నేపుతావేటిరా? సెయ్యేసి సూడు, నీ తల్లికి ఏ మొకం సూపిస్తావో!" వాడు ఆగిపోయాడు. మహారక్షకుడే చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. విస్తరి పాట ఆయనకింకా గుర్తుంది.

నేను మెల్లగా తింటున్నాను. ఆయన చూస్తున్నాడు. బొమ్మ నాలుక మీద ఉప్పు, మంచం మీదున్న మనిషికి దాహం. అక్కడ ఒంటికి సూదులతో ఏం ఎక్కించినా నాలుక మాత్రం ఇక్కడిదే. పెదాలు నాక్కున్నాడు. చెంబు వంక చూశాడు. నాకు జాలి వేస్తుందేమోనని భయపడ్డాను. వెయ్యలేదు. హమ్మయ్య అనుకున్నాను.

చాలాసేపటికి, "తోరణం దగ్గరికి" అన్నాడు.

"ఏవి?"

"ట్యాంకర్లు."

"దేనికి?"

"ఫౌంటెన్ కోసం." గొంతు పీలగా వచ్చింది.

"గట్టిగా చెప్పండి, వెనకాల వాళ్ళకి వినబడలేదు. నా కొడుకు ఎలా పోయాడు?"

"దాహంతో" అన్నాడు మహారక్షకుడు.

నరసమ్మ మనవణ్ణి పేరు పెట్టి పిలిచి ఒక్క కేక పెట్టింది. వీధిలోంచి, పక్క వీధుల్లోంచి, ఎక్కడెక్కడో టీవీల ముందు కూర్చున్న ఇళ్ళలోంచి ఆ కేకకి కేకలు తోడయ్యాయి. మేధినికి సైగ చేశాను, నీళ్ళిచ్చింది. చెంబు ఎత్తి గడగడా తాగాడు. ఆ గుటకల చప్పుడు నా చెవుల్లో సీసం పోసినట్టుంది. ఇంత తేలిగ్గా తీరుతుందా దాహం! ఒక్క చెంబుతో!

వైశాఖ పౌర్ణమి, పొద్దు వాలాక

నడుం విరిగిపోతోంది. ఎడమకాలు ఉందో లేదో తెలియడంలేదు. విస్తరిలో అన్నం ఇంకా ఉంది. సభలో అందరూ వచ్చి కూర్చున్నారని గోడ మీద టీవీ చెబుతోంది. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

త్రిలోచనరావు మోకాళ్ళ మీద వంగి నా చెవి దగ్గరికి వచ్చాడు. చెమటకి నూనె కారి నుదుటి మీదికి వచ్చింది. "అమ్మగారూ, మీకు కావాల్సింది చెప్పించుకున్నారు. ఇప్పుడు లేవండి. మీ అమ్మాయి పిలుపు రద్దు. ఇదిగో, ఇప్పుడే, నా చేతుల్లో పని. మీ అమ్మాయి జోలికి ఎవరూ రారు, జన్మలో రారు. నా పిల్లల మీద ఒట్టు."

అబద్ధం చెప్పడంలేదని తెలిసింది. తన బిడ్డల మీద ఒట్టు పెట్టినప్పుడు త్రిలోచనరావు కళ్ళలో నీళ్ళున్నాయి.

ఇక్కడ నేను గొప్పలు పోను. నా ఒంట్లో ప్రతి ఎముకా లేవమంది. నా కూతురు నా ఇంట్లో ఉంటుంది. పొద్దున్నే మంచుపలక తుడుస్తుంది. నాతో పోట్లాడుతుంది. ఎవరికి లెక్క చెప్పాలి నేను? దేశమా? ఏడేళ్ళూ చప్పట్లు కొట్టిన దేశమా? రెండు చేతులూ నేలకి ఆన్చాను. పీట కిర్రుమంది. ఎదురుగా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

మేధిని విన్నది. అది నా పక్కనే గిన్నెతో నిలబడి ఉంది. నన్ను చూసింది, నరసమ్మని చూసింది, నరసమ్మ పక్కన కూర్చున్న చిట్టెమ్మని చూసింది. చిట్టెమ్మ రెండో కూతురు మేధినితోపాటే బయల్దేరాలి, వాళ్ళిద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారు. చిట్టెమ్మ తల వంచుకుని ఖాళీ విస్తరి వంక చూస్తోంది. లేవద్దని నన్నడగలేదు. అడిగే హక్కు తనకి లేదనుకుంది కాబోలు.

మేధిని వంగి నా విస్తరిలో గరిటెడు మజ్జిగన్నం వేసింది. ఆగి, ఇంకో గరిటె వేసింది.

"అమ్మ ఇంకా తినలేదండీ" అంది త్రిలోచనరావుతో. "పంక్తిలో తొందర పెట్టకూడదు."

నేను చేతులు నేల మీంచి తీసేశాను. నా కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి అన్నంలో పడ్డాయి. మధ్యాహ్నం ఏడవమన్నచోట ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాను. నా కూతురు! కక్ష నాది అనుకున్నాను. పౌరుషం దానిది.

వైశాఖ పౌర్ణమి, పొద్దు కుంకింది

పొద్దు కొండ వెనక్కి దిగిపోవడం అందరం చూశాం. టీవీలో సభాపతి లేచి, గొంతు సవరించుకుని, అడగాల్సినవారు సభలో లేనందువల్ల అత్యవసర పాలన ముగిసిందని చదివాడు. ఏడేళ్ళుగా చప్పట్లు కొట్టిన ప్రతిపక్షానికి ఆ నిమిషంలో వెన్నెముక దొరికింది, ఒకళ్ళని మించి ఒకళ్ళు అరిచారు. సిగ్గులేని జన్మలు. అయినా అరవనీ. ఎవరు అరిస్తేనేం, రేపు పొద్దున్న పిల్లల్ని ఎక్కించుకుపోయే బండి రాదు.

చిట్టెమ్మ కూర్చున్నచోటే వంగి మేధిని కాళ్ళు పట్టుకుంది. మేధిని కంగారుగా ఆమె చేతులు విడిపించింది. వీధంతా ఒకటే గోల, ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియడంలేదు. త్రిలోచనరావు కనబడలేదు. కాపలావాళ్ళు కూడా ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. వాళ్ళకీ ఇళ్ళలో పిల్లలున్నారు కదా.

చివరికి పంక్తిలో మేమే మిగిలాం. ఆయన, నేను, నరసమ్మ, మిగతా తల్లులు. ఎవరూ లేవలేదు. నేను లేవందే లేవరు.

బొమ్మ భుజాలు జారిపోయాయి. "అమ్మా," అన్నాడు. ప్రసంగాల్లో వినిపించే గొంతు కాదది, చాలా మామూలు గొంతు. "ఇప్పుడు నేనెవరినీ కాదు. అంతా పోయింది. ఇంకా నన్ను కూర్చోబెట్టి మీకేం వస్తుంది? దయచేసి లేవండి."

"చాలమ్మా" అంది మేధిని నా భుజం మీద చెయ్యి వేసి. "మనం గెలిచాం. ఇక లే. నీ కాళ్ళు చూడు, ఎలా వాచిపోయాయో."

నిజమే. చెయ్యాల్సింది చేసేశాను. కూతురు దక్కింది. దేశానికి నా వంతు తీరిపోయింది. ఇక కూర్చుంటే ఎవరికీ ఏమీ రాదు. నేను మజ్జిగన్నం నెమ్మదిగా కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాను. అప్పుడు ఆయన ముఖంలోకి చూశాను.

"విహారి కూడా నీకెవరూ కాడు నాయనా" అన్నాను. "కూర్చో."